మెదక్ చర్చిలో రెండో వరస

శుక్రవారం

నవంబరు నెలంతా మా ఇంట్లో ఒక పాట వినబడుతూనే ఉన్నది కాని, అది ఏ పాటో ఇంట్లో ఎవరికీ అంతుపట్టలేదు. మా పాప ఐదో తరగతి చదువుతున్నది. హైదరాబాదులోని మా చర్చి సంఘపు పిల్లల గాయక బృందంలో రెండేళ్లుగా ఆల్టో పాడుతున్నది. అసలు వరస పాడేది సోప్రానో పిల్లలు. ఆల్టో వాళ్లు దానికి కిందుగా, నాలుగైదు స్వరాల మధ్యనే తిరుగుతూ, ఒక్కోసారి ఒకే స్వరం మీద రెండేసి తాళపు ఆవృత్తాలు నిలబడిపోతూ పాడాలి. ఆ కింది గొంతును ఒక్కదాన్నే విడిగా వింటే ఎవరో పాట మరిచిపోయి గొణుక్కుంటున్నట్టు ఉంటుంది. అది చాలదన్నట్టు, పాట నోటికి వచ్చేదాకా మాటలు పలకకూడదనీ, డో రే మి అంటూ స్వరాలే పాడాలనీ వాళ్ల మాస్టారి నియమం. మా నాయనమ్మకు 88 ఏళ్లు. చెవులు ఇప్పటికీ చురుకుగా పనిచేస్తాయి. నెల రోజులు విని విని, ఒక రాత్రి నన్ను దగ్గరకు పిలిచి, "పిల్లకు వరస పట్టడం లేదురా, దానితో అనకు, బాధపడుతుంది" అని మెల్లగా చెప్పింది.

డిసెంబరు రెండో ఆదివారం మెదక్ చర్చిలో ఈ బృందం 3 పాటలు పాడవలసి ఉన్నది. ఆ నెపాన ఇంటిల్లిపాదీ బయలుదేరాము: నాయనమ్మ, అమ్మా నాన్నా, నేనూ నా భార్యా, పాప. నాలుగు తరాలకు కలిపి ఒక అద్దె బండి మాట్లాడాము. మెదక్‌కు 2022 నుంచి రైలు కూడా నడుస్తున్నదనీ, రైలులో వెళదామనీ నాన్న పట్టుబట్టారు కాని, ప్లాట్‌ఫారం మీద నాయనమ్మను ఎక్కించడం దించడం తలచుకొని అమ్మ ఆ మాట సాగనివ్వలేదు.

మధ్యాహ్నం 3 గంటలకు బయలుదేరి బాలానగర్, గండిమైసమ్మ, దుండిగల్ దాటేసరికే గంటన్నర పట్టింది. ఆ తరువాత దారి ఒక్కసారిగా ఊపిరి పీల్చుకున్నట్టు అయింది. గుమ్మడిదల దాటాక నర్సాపూర్ అడవి మొదలవుతుంది. రోడ్డుకు రెండు వైపులా చెట్లు, వాటి కింద ఏదైనా విసిరేవాళ్ల కోసం వరసగా కూర్చొని ఎదురుచూసే కోతులు. ఊరు నుంచి 50 కిలోమీటర్లు కూడా రాకుండానే ఇంత అడవి ఉండటం మా అమ్మకు ప్రతిసారీ ఆశ్చర్యమే.

బండిలో కూర్చున్నది కూర్చున్నట్టు పాప మళ్లీ పాట అందుకున్నది. ఈసారి మాటలతో సహా. మొదటి పాదం వినగానే నాయనమ్మ కిటికీలోంచి చూపు తిప్పి, "ఇది మా పాట కదా!" అన్నది. నిజమే, అది ఆమె పాటల పుస్తకంలోని క్రిస్మస్ కీర్తన. రేపల్లె దగ్గరి పల్లెలో, లూథరన్ మిషను బడిలో, ఆమె 7 ఏళ్ల వయసులో నేర్చుకున్నది. గుంటూరు ప్రాంతానికి అమెరికా లూథరన్ మిషను 1842లో వచ్చింది. నాయనమ్మ పుట్టేనాటికే ఆ పల్లెలో మూడు తరాలుగా కీర్తనలు పాడుతున్నారు. ఆ పుస్తకంలో ప్రతి కీర్తన తల మీదా రాగం పేరూ తాళం పేరూ అచ్చయి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ మన సంగీత పద్ధతిలోనే సాగుతాయి. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి వారు క్రీస్తు కథను తెలుగు పద్య కీర్తన మర్యాదల్లోకి తీసుకురావడం వల్లనే, హార్మోనియమూ తబలా తాళాలూ తప్ప మరేమీ లేని పల్లెల్లో కూడా ఆ పాటలు నిలిచాయని నాన్న అంటారు. అది నిజమేనని నాకూ తోస్తుంది.

"మా పాటే, కాని వరస ఇది కాదు. ఎవరు మార్చారు?" అని నాయనమ్మ నిలదీసింది.

"మార్చలేదు తాతమ్మా, వరస సోప్రానో వాళ్లు పాడతారు. నేను కిందది పాడతాను."

"అదేమిటే, వరస నీకెందుకు ఇవ్వలేదు?"

ఈ ప్రశ్నకు పాప దగ్గర జవాబు లేదు. మా దగ్గరా లేదు. కౌడిపల్లి దాకా బండిలో ఎవరూ మాట్లాడలేదు. మెదక్ ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉండగా, మసక చీకటిలో చెట్ల మీదుగా చర్చి గోపురం కనబడింది. అది 175 అడుగుల ఎత్తు. చుట్టూ అంత ఎత్తుకు లేచినది మరొకటి లేదు కాబట్టి, ఊరు కంటే ముందు గోపురమే మనకు ఎదురు వస్తుంది.

బసలో చిన్న చిక్కు వచ్చింది. నడవలేని పెద్దావిడ ఉన్నారని వారం ముందే ఫోనులో చెప్పి కింది గదులు అడిగితే సరేనన్నవాళ్లు, తీరా వెళ్లాక మేడ మీది గదులే ఖాళీగా ఉన్నాయన్నారు. 16 మెట్లు. నేనూ నాన్నా చెరో పక్కా పట్టుకుంటే, నాయనమ్మ ఒక్కో మెట్టుకూ ఆగుతూ ఎక్కింది. పైకి చేరాక మంచం మీద కూర్చొని, ఆయాసం తీరకముందే, "ఆ మాస్టారు రేపు వస్తారా?" అని అడిగింది.

శనివారం

బృందంలోని మిగతా పిల్లలు బస్సులో మధ్యాహ్నానికి వస్తారు కనుక, పొద్దున్నే నేనూ పాపా మెదక్ కోటకు వెళ్లాము. కాకతీయుల కాలంలో కట్టి, తరువాత కుతుబ్ షాహీల చేతికి వచ్చిన కొండ కోట ఇది. మెట్లు ఎక్కుతూ పోతే ఒకదాని తరువాత ఒకటి ద్వారాలు వస్తాయి. పైన ఒక మసీదూ, పాత ఫిరంగీ ఉన్నాయి. అక్కడి నుంచి ఊరంతా, చెరువులూ, దూరాన చర్చి గోపురమూ ఒకే చూపులో కనబడతాయి. గొంతు పాడవకుండా చల్లనీళ్లు తాగవద్దనీ, అరవవద్దనీ మాస్టారు పిల్లలందరి చేతా ఒట్టు వేయించుకున్నారు. కోట గోడల మధ్య నిలబడి ఒక్కసారైనా అరవకుండా ఉండటం పదేళ్ల పిల్లకు ఎంత కష్టమో పాప ముఖం చూస్తే తెలిసింది. చివరకు నన్ను అరవమన్నది. నేను అరిచాను. ప్రతిధ్వని రాలేదు, ఇద్దరు కాపరులు మాత్రం తిరిగి చూశారు.

భోజనాల తరువాత అందరమూ చర్చికి వెళ్లాము. ఈ కట్టడం గురించి చిన్నప్పటి నుంచీ వింటున్నదే అయినా, దగ్గరగా నిలబడి తలెత్తి చూసినప్పుడు మళ్లీ కొత్తగానే ఉంటుంది. వెస్లియన్ మెథడిస్టు మిషనుకు చెందిన చార్లెస్ వాకర్ పోస్నెట్ ఆధ్వర్యంలో 1914లో పని మొదలై పదేళ్లు సాగింది. 1924 డిసెంబరు 25న ఆరాధన ప్రారంభమైంది. కరవు కాలంలో చుట్టుపక్కల పల్లెల వాళ్లకు పని కల్పించి, కూలి కింద తిండి పెట్టి దీన్ని కట్టించారని ఇక్కడ ప్రతి ఇంట్లోనూ చెబుతారు. మేము చెప్పులు విడుస్తుండగా పక్కన కూర్చున్న ఒక వృద్ధుడు, తన తాత ఇక్కడ రాళ్లు మోశాడని, అడగకుండానే చెప్పాడు. కట్టినవారి పేరు పలకకుండా, "మా తాత మోసిన రాయి" అనడం నాకు బాగా నచ్చింది. 200 అడుగుల పొడవూ 100 అడుగుల వెడల్పూ ఉన్న ఆ హాలులో దాదాపు 5,000 మంది పడతారు. నేల మీద పరచిన రంగురంగుల పలకలు ఇంగ్లండు నుంచి వచ్చాయి. నున్నగా చెక్కిన బూడిద రంగు రాతి స్తంభాలు పైన కమానులుగా విచ్చుకుంటాయి.

అన్నిటికంటే ముందు చూపు వెళ్లేది మాత్రం మూడు గాజు కిటికీల మీదకే. రంగు గాజు ముక్కలను సీసపు పట్టీలతో కలిపి చేసిన ఆ చిత్రాల్లో ఒకటి క్రీస్తు ఆరోహణం, ఒకటి జననం, ఒకటి సిలువ. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ వాటిని రూపొందించారు. అవి బయటి వెలుగు మీదనే బతుకుతాయి. లోపల ఎన్ని దీపాలు పెట్టినా, బయట చీకటి పడితే లోపలివారికి నల్లని గాజు తప్ప మరేమీ కనబడదు. నాయనమ్మ చక్రాల కుర్చీని జననం కిటికీకి ఎదురుగా ఆపించి చాలాసేపు చూసింది. ఆమె చూస్తున్నది శిశువునో గొర్రెల కాపరులనో అనుకున్నాను కాని, "ఆ నీలం చూడరా, ఇంకు పోసినట్టుంది" అన్నది.

2 గంటలకు పిల్లలు వచ్చారు, 24 మంది. ముందు వరుసలో సోప్రానో, రెండో వరుసలో ఆల్టో. మెట్ల మీద నిలబడి మొదటి పాట ఎత్తుకోగానే ఏదో తేడా అందరికీ తెలిసిపోయింది. హైదరాబాదులో వాళ్లు సాధన చేసే గది చిన్నది, కప్పు కిందికి ఉంటుంది, పాడిన శబ్దం వెంటనే తిరిగి చెవిలో పడుతుంది. ఇక్కడ గొంతు విడిచిన స్వరం తిరిగి రాదు. ఆల్టో పిల్లలకు సోప్రానో వినబడక, సోప్రానో పిల్లలకు కీబోర్డు వినబడక, రెండో చరణానికి పాట రెండు ముక్కలైంది. మా పాప కళ్లు మమ్మల్ని వెతుక్కున్నాయి. మాస్టారు కంగారు పడలేదు. పిల్లలను దగ్గరగా జరిపి అర్ధచంద్రాకారంగా నిలబెట్టారు, లయ కొంచెం తగ్గించారు, హల్లులను గట్టిగా పలకమన్నారు. "మీ పక్కనున్న గొంతు మాత్రమే వినండి, హాలును పట్టించుకోకండి" అన్నారు. నాలుగోసారికి పాట ఒక్కటిగా నిలిచింది.

విరామంలో నాయనమ్మ తన కుర్చీని మాస్టారి దగ్గరకు తోయించుకున్నది. ఆపడానికి నాన్న చేసిన ప్రయత్నం ఫలించలేదు.

"మా మునిమనవరాలికి వరస ఎందుకు ఇవ్వలేదండీ? గొంతు బాగాలేదా?"

మాస్టారు ఆమె పక్కన మెట్టు మీద కూర్చున్నారు. "అమ్మగారూ, వరస ఎవరైనా పాడతారు. చెవి దానంతట అదే అటు వెళుతుంది. పక్కన పన్నెండు మంది వరస పాడుతుంటే అందులోకి జారకుండా తన స్వరం మీద తాను నిలబడాలంటే చెవి గట్టిగా ఉండాలి. అందుకే ఆమెను అక్కడ పెట్టాను."

"అందరూ అలాగే చెబుతారులెండి" అన్నది నాయనమ్మ. ఆయన నవ్వారు. ఆమె నవ్వలేదు.

కాని వాళ్ల మాటలు అక్కడితో ఆగలేదు. మాస్టారి చేతిలోని కాగితాల మీద స్వరాలు డో రే మి అక్షరాల్లో రాసి ఉన్నాయి. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో జాన్ కర్వెన్ ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతి మిషనరీలతో పాటు చాలా దేశాలకు వెళ్లింది. అందులో డో అంటే మన షడ్జమం (స) వలెనే ఏ శ్రుతిలోనైనా పెట్టుకోదగిన ఆధార స్వరం. చిక్కల్లా అక్షరాలతోనే: వాళ్ల మి మనకు గాంధారం (గ), మన మ వాళ్లకు ఫా. నాయనమ్మ ఒక పాదాన్ని సరిగమల్లో చెబుతూ "మ" అన్నప్పుడల్లా పాప "కాదు తాతమ్మా, ఫా" అనడం, మాస్టారు ఇద్దరూ ఒకే స్వరం చెబుతున్నారని విడమరచడం, ఇలా ఒక పావుగంట గడిచింది. ఆ కీర్తన శంకరాభరణంలో ఉండటం వల్లనే దానికి కింది గొంతు రాయగలిగానని ఆయన అన్నారు. శంకరాభరణం స్వరాలు పాశ్చాత్యుల మేజర్ స్కేలుతో సరిపోతాయి. అదే ఆనందభైరవి అయితే గమకాల దగ్గర, అంటే స్వరాన్ని ఊపి పలికే చోట, రెండు గొంతులూ పేచీ పడతాయట. ఈ మాట మాత్రం నాయనమ్మకు రుచించింది. "అవును, ఆనందభైరవికి తోడు అక్కరలేదు" అన్నది.

సాయంత్రం చీకటి పడేలోగా ఏడుపాయలకు వెళ్లి వచ్చాము. మంజీర నది ఏడు పాయలుగా చీలి, బండరాళ్ల మధ్య నుంచి పారే చోట వనదుర్గ గుడి ఉన్నది. శివరాత్రికి పెద్ద జాతర జరుగుతుంది. మేము వెళ్లిన రోజు జనం పలుచగానే ఉన్నారు. అమ్మా నా భార్యా నీళ్లలో కాళ్లు పెట్టుకొని కూర్చున్నారు, నాన్న పాయలు లెక్కపెట్టబోయి ఐదు దగ్గర ఆగిపోయారు. చెప్పుకోదగినది అంతకు మించి లేదు, చలి తప్ప. రాత్రి బసలో పాపకు మిరియాల పాలు కాచి ఇవ్వమంటే వంటవాడు వట్టి పాలే తెచ్చాడు. నాయనమ్మ తన మందుల సంచిలోంచి మిరియాల పొడి పొట్లం తీసింది.

ఆదివారం

ఆరాధన మొదలయ్యేసరికి హాలు ముప్పాతిక నిండింది. తెల్ల పంచెల్లో, నేత చీరల్లో చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లు కింద చాపల మీదా, పట్టణం వాళ్లు బల్లల మీదా కూర్చున్నారు. క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు ఆదివారం కనుక బలిపీఠం దగ్గర ఊదా రంగు వస్త్రం పరచి ఉన్నది. 1947లో ఆంగ్లికన్, మెథడిస్టు తదితర సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడినప్పటి నుంచి ఈ చర్చి ఆ సంఘానికి చెందినది, అందులో మెదక్ అధ్యక్ష మండలానికి, అంటే ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతానికి, కేంద్రం. లూథరన్ పద్ధతిలో పెరిగిన నాయనమ్మకు ఆరాధన క్రమంలో రెండు మూడు చోట్ల మాటలు తేడాగా తగిలాయి. అక్కడల్లా ఆమె తన మాటలే, తన గొంతుతోనే, సంకోచం లేకుండా చెప్పింది.

కానుకల తరువాత పిల్లలు వచ్చి నిలబడ్డారు. తెల్ల చొక్కాలు, మెడలో ఎర్ర కండువాలు. మొదటి రెండూ ఇంగ్లీషు క్యారల్స్, పిల్లలు చక్కగానే పాడారు, జనమూ మర్యాదగా విన్నారు. రెండో పాట నడుమ ఒక పసివాడు ఏడుపు లంకించుకుంటే తల్లి వాణ్ని బయటకు తీసుకువెళ్లింది, అంతే.

మూడోది తెలుగు కీర్తన. పల్లవి మొదటి పాదం సోప్రానో పిల్లలు ఒంటరిగా ఎత్తుకున్నారు. రెండో పాదానికి ఆల్టో కింద నుంచి వచ్చి చేరింది. నెల రోజులుగా మా ఇంటి వరండాలో కాళ్లూ చేతులూ లేకుండా తిరిగిన ఆ స్వరాలకు ఒక్కసారిగా చోటు దొరికింది. పైన వరస కదులుతుంటే అవి కింద నిలబడి ఉన్నాయి, వరస ఆగిన చోట అవి కదిలాయి. నా పక్కన నా భార్య నా చెయ్యి పట్టుకున్నది. ఇంతవరకూ మాస్టారు అనుకున్నట్టే జరిగింది.

ఆయన అనుకోనిది అనుపల్లవి దగ్గర జరిగింది. చాపల మీద కూర్చున్నవాళ్లు ఆ పాటను గుర్తుపట్టారు. ఈ కీర్తనను ఎవరో పాడుతుంటే ఊరకే కూర్చొని వినడం తెలుగు సంఘాల్లో ఎవరికీ అలవాటు లేని పని. మొదట ఆడవాళ్లు, వెంటనే మగవాళ్లు, తరువాత బల్లల మీది వాళ్లు అందుకున్నారు. ఎవరి జేబులోంచి తీశారో తెలియదు, ఒక జత తాళాలు కూడా మోగసాగాయి. వందల గొంతులు ఒకే వరస పాడుతుంటే ముందు వరుస పిల్లలకు బలం వచ్చింది. రెండో వరుసలోని 12 మంది పరిస్థితి వేరు. హాలంతా ఒక వైపు లాగుతుంటే వాళ్లు ఇంకో వైపు నిలబడాలి. మాస్టారు జనాన్ని వారించలేదు. ముందు వరుసను వదిలేసి రెండో వరుసకు ఎదురుగా వచ్చి, గుండె దగ్గర వేళ్లతో స్వరాలు చూపిస్తూ, వాళ్లకే తాళం వేశారు. పాప కళ్లు ఆయన వేళ్ల మీద నుంచి కదలలేదు.

నేను నాయనమ్మ వైపు చూశాను. కీర్తన వినబడితే నోరు కదపకుండా ఉన్న నాయనమ్మను నేను పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆసుపత్రి మంచం మీద, పక్క గదిలో ఎవరో పాడుతుంటే, ముక్కుకు ఆక్సిజన్ గొట్టం ఉండగానే పాడిన మనిషి ఆమె. అనుపల్లవిలో అందరితో పాటే అందుకున్నది. మొదటి చరణం మధ్యలో ఆపింది. చెయ్యి చెవి వెనక పెట్టుకొని, కళ్లు మూసుకొని, పెదవులు బిగించి కూర్చున్నది. చుట్టూ అంతా పాడుతున్నారు. 81 ఏళ్లుగా తనకు వచ్చిన పాటను ఆమె పాడలేదు, చివరి చరణం అయ్యేదాకా.

ఆరాధన ముగిశాక ఆవరణలో ఫొటోలు, పలకరింపులు, టీలు. నిన్నటి వృద్ధుడు మళ్లీ కనబడి పాప తల మీద చెయ్యి పెట్టి దీవించాడు. మాస్టారు నాయనమ్మకు నమస్కారం చేసి, "ఎలా ఉన్నదమ్మగారూ?" అని అడిగారు. "తాళాలు కొట్టినవాడికి లయ లేదు" అన్నది ఆమె. పిల్లల గురించి ఏమీ అనకపోవడంతో పాప ముఖం కొంచెం చిన్నబోయింది.

ఒంటి గంటకు బయలుదేరాము. పోచారం చెరువు చూసి వెళదామని నాన్నకు ఉన్నది. నిజాం కాలంలో కట్టిన ఆ చెరువు పక్కన జింకల అభయారణ్యం ఉన్నది. కాని అది మా దారికి ఎదురు దిక్కు, మరునాడు బడి ఉన్నది. నర్సాపూర్ దగ్గర బండి ఆపి మొక్కజొన్న కంకులు కొన్నాము. ఒట్టు తీరిపోయింది కాబట్టి పాప ఐస్‌క్రీం కూడా తిన్నది. అడవి దారిలో అమ్మా నాన్నా కునికిపాట్లు పడుతున్నారు. అప్పుడు నాయనమ్మ, ఎవరికీ వినబడకూడదన్నట్టు గొంతు తగ్గించి, పాపతో అన్నది:

"రెండో చరణంలో, మూడో పాదం దగ్గర, నువ్వు వరసలోకి జారావు."

పాప ఐస్‌క్రీం పుల్ల నోట్లోంచి తీసింది. "ఒక్కసారే తాతమ్మా. వెంటనే వచ్చేశాను. మాస్టారికి కూడా తెలియలేదు. నీకెలా తెలిసింది?"

"ఏదీ, ఆ పాదం నీది నువ్వు పాడు. నేను వరస పాడతాను. ఈసారి జారకుండా చూడు."

పాప పాడింది. అదే చోట మళ్లీ జారింది. నాయనమ్మ పాట ఆపి, మొదటి నుంచి ఎత్తుకోమన్నది. దుండిగల్ దగ్గర రద్దీలో చిక్కుకొనేదాకా ఆ ఒక్క పాదమే సాగుతూ ఉన్నది.